న్యూయార్క్‌లో కాజీపల్లి తాత

తెల్లవారుజామున మూడింటికే ఇద్దరూ లేచి కూర్చున్నారు. జెర్సీసిటీలో మూడంటే కాజీపల్లిలో మధ్యాహ్నం పన్నెండున్నర. విమానం దిగి నాలుగు రోజులైనా ఒంట్లో గడియారం ఇంకా ఊళ్లోనే ఉంది. తాత కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎదుటి భవనాల దీపాలు లెక్కపెడుతున్నాడు. నానమ్మ చింతపండు నానేసింది. పోపు వేసేటప్పుడు కిటికీ తెరవకపోతే కప్పుకున్న పొగ గంట కొంపలంటుకున్నట్టు మోగుతుందని ఆమెకి మొదటిరోజే తెలిసొచ్చింది. కోడలు కళ్లు నులుముకుంటూ వంటింట్లోకి వచ్చేసరికి పులిహోర సిద్ధం!

‘బయట బోలెడన్ని దొరుకుతాయి కదా అత్తయ్యా’ అంది తెనాలి కోడలు.

‘దొరికితే దొరకనీ. ఇది మనది’ అందావిడ.

ఆ రోజు శనివారం. అమెరికాలో అత్తమామల మొదటి షికారు. కొడుకు రాసిన జాబితా వారం ముందు నుంచే ఫ్రిజ్ తలుపు మీద ఉంది. స్వేచ్ఛాదేవి విగ్రహం, ఎల్లిస్ ఐలాండ్, ట్విన్ టవర్స్ ఉన్న చోటు, వాల్‌స్ట్రీట్ ఎద్దు, బ్రూక్లిన్ బ్రిడ్జి, సెంట్రల్ పార్కు, ఎంపైర్ స్టేట్ బిల్డింగు, టైమ్స్ స్క్వేర్... ఎనిమిది. ఒక్కోదాని పక్కన గంటలూ నిమిషాలూ. అమెరికాలో పిల్లలున్న ప్రతి తెలుగింట్లోనూ ఇలాంటి జాబితా ఒకటి తయారవుతుంది. సాయంత్రానికి అందులో సగం కొట్టివేతలే. అరవై దాటిన మోకాళ్ల సంగతి ఏ జాబితా రాసేవాడికీ ముందుగా గుర్తురాదు.

నానమ్మ సంచిలో పులిహోర పొట్లాలు, సకినాలు, తాత బీపీ గోళీలు... వాటితోపాటు ఆరు నీళ్ల సీసాలు! అవీ దుకాణంలో కొన్నవే. నల్లా తిప్పి నింపుతానన్న కొడుకుని ఆమె కసురుకుంది. ఎన్నో ఏళ్ల అలవాటు. డబ్బా నీళ్లే తాగాలి. బోరు నీళ్లు గిన్నెలు కడగడానికి, అంతే. ఆ అలవాటు ఎక్కడిదో తెలియాలంటే ముందు వాళ్ల ఊరి సంగతి చెప్పుకోవాలి.

హైదరాబాద్ నుంచి బొల్లారం పారిశ్రామికవాడ దాటితే జిన్నారం మండలంలో కాజీపల్లి. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. ఏడేళ్ల మనవడికి మాత్రం అది ‘ప్రభాస్ అడవి ఉన్న ఊరు’. 2020లో ఔటర్ రింగురోడ్డు పక్కనున్న 1,650 ఎకరాల రిజర్వు అడవిని ప్రభాస్ దత్తత తీసుకుని రెండు కోట్లు ఇచ్చాడు కదా, బళ్లో స్నేహితులకి వాడు చెప్పుకునే గొప్ప అదే. తాతకి గుర్తొచ్చే ఊరు వేరు. ఒక చెరువు, దాని కింద మూడెకరాల వరిపొలం.

1980ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి చుట్టూ మందుల ఫ్యాక్టరీలు వరసగా వచ్చాయి. గోళీ కాదు, గోళీలో ఉండే అసలు మందు తయారుచేసేవి. బల్క్ డ్రగ్ అంటారు. కిలో మందు తీయాలంటే దానికి ఎన్నో రెట్లు ద్రావకాలూ నీళ్లూ కావాలి. మిగిలినదంతా ఎక్కడికో పోవాలి. అది వాగుల్లోకీ చెరువుల్లోకీ పోయింది. నీళ్లు రంగులు మారాయి. బర్రెలు మూతి పెట్టి వెనక్కి తీసుకునేవి. చెరువు కింద నాట్లు వేస్తే వరి పసుపుపచ్చగా తిరిగేది.

ఆ ఇంటి కొడుకు చదివింది కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. అమెరికా రాకముందు మూడేళ్లు ఆ చుట్టుపక్కలే ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేశాడు. ఆ జీతంతోనే చెల్లెలి పెళ్లయింది. ఆ అనుభవంతోనే న్యూజెర్సీలో మందుల కంపెనీ ఉద్యోగం వచ్చింది. ఆ మూడేళ్లలో తండ్రి కొడుకుని ఒక్క మాట అడగలేదు, మీ గేటు వెనక కాలువలోకి ఏం వదులుతారని. కొడుకూ చెప్పలేదు. పొలం పోయిందీ ఫ్యాక్టరీ వల్లే, ఇల్లు నిలిచిందీ ఫ్యాక్టరీ వల్లే అయిన ఇళ్లు ఆ పట్టీలో చాలా ఉన్నాయి. వాటిలో ఈ మౌనం కొత్తేం కాదు.

ఇక షికారు సంగతి.

జెర్సీసిటీ నుంచి న్యూయార్క్‌కి హడ్సన్ నది అడ్డం. రైలు నది కిందనుంచి వెళ్తుంది. చెవులు గుప్పుమన్నప్పుడు ‘ఇప్పుడు మన నెత్తిమీద నది ఉంది తాతా’ అన్నాడు మనవడు. తాత పైకి చూశాడు, కారుతుందేమోనని. హడ్సన్ కింద మొదటి సొరంగంలో రైలు నడిచింది 1908లో. హైదరాబాదుకి ఆ ఏడాది వేరే గుర్తు, మూసీ వరద. వేలమందిని మింగిన ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య వచ్చారు, ఉస్మాన్‌సాగర్ వచ్చింది, హైదరాబాదు నల్లాల్లోకి గండిపేట నీళ్లు వచ్చాయి. నది ఒక ఊరికి దారిస్తుంది, ఒక ఊరికి బుద్ధి చెబుతుంది. తాతకి ఇవన్నీ తెలియవు. ‘నూరేండ్ల కింద నది కింద తవ్విన్రా!’ అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

రైలు దిగి పైకి వస్తే ట్విన్ టవర్స్ ఉన్న చోటు. టవర్లు నిలబడిన పునాదుల్లోనే రెండు పెద్ద చతురస్రపు గుంటలు. ఒక్కోటీ దాదాపు ఎకరం. నాలుగు వైపుల నుంచీ నీళ్లు లోపలికి జారుతుంటాయి. చుట్టూ కంచు పలకల మీద 2,983 పేర్లు. 2001 సెప్టెంబరు 11న పోయినవాళ్లవీ, 1993లో అక్కడే జరిగిన బాంబు దాడిలో పోయినవాళ్లవీ. నానమ్మకి చదువు రాదు. వేలితో అక్షరాలు తడుముతూ నడిచింది. ఒక పేరు మీద తెల్ల గులాబీ గుచ్చి ఉంది. ఎందుకని అడిగితే, ఈ రోజు వాళ్ల పుట్టినరోజని కోడలు చెప్పింది. సిబ్బంది రోజూ చూసి పెడతారట. ఆమె కాసేపు అక్కడే నిలబడింది. జాబితాలో ఈ చోటుకి ఇరవై నిమిషాలు రాసి ఉంది. నలభై అయింది.

అక్కడి నుంచి బ్యాటరీ పార్కు. విగ్రహం దగ్గరకి పడవ ఎక్కాలంటే విమానాశ్రయంలోలాగే తనిఖీ. బెల్టు తీయాలి, సంచి యంత్రంలో పెట్టాలి. (టికెట్టు ముందే కొనుక్కోని వాళ్ల వరస ఎండలో పాములా సాగి ఉంటుంది. పిల్లలు చేసే పనుల్లో ఇదొక్కటి మాత్రం జాబితా కంటే ముఖ్యం.) పులిహోర పొట్లాల దగ్గర యంత్రం ఆగింది. గార్డు ఒకటి విప్పి చూసి, వాసన పీల్చి, నవ్వి వదిలేశాడు. ‘అడిగితే పెడుతుంటి గద పాపం’ అంది నానమ్మ.

పడవ కదిలింది. విగ్రహం దగ్గరవుతున్నకొద్దీ అందరూ ఒకవైపుకి చేరి ఫోన్లు పైకెత్తారు. ఫ్రాన్స్ ప్రజలు కానుకగా ఇచ్చిన బొమ్మ. 1886 అక్టోబరు 28న ఆవిష్కరణ. నేల నుంచి కాగడా కొన దాకా 93 మీటర్లు. పైదంతా రాగి రేకు, మందం రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు.

‘రాగే? మరి గంత పచ్చగున్నదేంది?’ అంది నానమ్మ.

‘చిలుము పట్టిందమ్మా.’

‘ఇంత దేశంల చింతపండు దొరకలేదా? పెట్టి తోమితే మెరుస్తది గద!’

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. నిజానికి నానమ్మ ఆలోచన అమెరికా సర్కారుకీ వచ్చింది. 1906 నాటికి బొమ్మ మొత్తం పచ్చబడింది. రంగు వేయిద్దామని ప్రభుత్వం డబ్బు కూడా కేటాయించింది. జనం ఒప్పుకోలేదు. పైగా ఆ చిలుమే లోపలి రాగిని కాపాడుతోందని నిపుణులు చెప్పారు. అలా ఉండిపోయింది. ఇంట్లో రాగిబిందె మీద మాత్రం ఈ వాదన చెల్లదు.

తాత బొమ్మని చూడటం లేదు. కమ్మీకి ఆనుకుని నీళ్లలోకి చూస్తున్నాడు. హడ్సన్ వచ్చి సముద్రంలో కలిసే చోటు అది.

‘ఈ నీళ్లల్ల చేపలున్నయారా?’

‘వేల్స్ కూడా ఉన్నాయి తాతా! మా టీచర్ చెప్పింది’ అన్నాడు మనవడు. వాడు చెప్పింది నిజమే. పదిహేనేళ్లుగా న్యూయార్క్ చుట్టుపక్కల సముద్రంలో తిమింగలాలు మళ్లీ కనిపిస్తున్నాయి.

‘చేపలు తింటరా?’

ఈ ప్రశ్న కొడుకుని. అతను ఫోను తీశాడు. చదివినకొద్దీ ముఖం మారింది. హడ్సన్ కథ పర్యాటకుల కరపత్రాల్లో ఉండదు. న్యూయార్క్‌కి మూడొందల కిలోమీటర్ల ఎగువన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి రెండు ఫ్యాక్టరీలుండేవి. కెపాసిటర్లలో వాడే పీసీబీ అనే నూనెలాంటి రసాయనాన్ని 1947 నుంచి 1977 దాకా అవి నదిలోకి వదిలాయి. దాదాపు 590 టన్నుల దాకా ఉండొచ్చని అక్కడి పర్యావరణ సంస్థ లెక్క. ఆ రసాయనం నీళ్లలో కరగదు, బురదలో కూర్చుంటుంది. బురద నుంచి పురుగుకి, పురుగు నుంచి చేపకి, చేప నుంచి మనిషికి. 1976లో నదిలో చేపల వ్యాపారం చాలామటుకు బంద్ చేశారు. 1984లో, నది పైభాగం నుంచి న్యూయార్క్ రేవు దాకా సుమారు 320 కిలోమీటర్లని విషపూరిత స్థలాల జాతీయ జాబితాలో చేర్చారు. బురద తవ్వి తీయాల్సిందేనని 2002లో తేల్చారు. కంపెనీ ఏళ్ల తరబడి గింజుకుంది. చివరికి 2009లో తవ్వకం మొదలై 2015 దాకా సాగింది. ఖర్చు కంపెనీదే. వంద కోట్ల డాలర్లు దాటింది. అయినా నది పూర్తిగా బాగుపడలేదు. ఏ చేప తినొచ్చో, పిల్లలూ గర్భిణులూ ఏది ముట్టుకోకూడదో ఆరోగ్యశాఖ ఇప్పటికీ పట్టిక ఇస్తుంది.

కొడుకు ముక్కముక్కలుగా చదివి తెలుగులో చెప్పాడు. తాత అంతా విన్నాడు.

‘బంద్ చేసినంక ఎన్నేండ్లకు తవ్విన్రు?’

‘ముప్పై రెండేండ్లకు.’

‘మన కేసు తొంబైల పడ్డది. నీకు అప్పటికి బడి ఎరుకలేదు.’

ఆ కేసు చిన్నదేం కాదు. పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకి పోయిన వ్యాజ్యం అది. రైతులకు పరిహారం ఇవ్వమనీ, పల్లెలకు మంచినీళ్లు ఇవ్వమనీ కోర్టు చెప్పింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. ఆ తర్వాత 18 కిలోమీటర్ల పైపు వేసి, శుద్ధి చేసిన నీళ్లని నగరపు మురుగులో కలిపి అంబర్‌పేట పంపారు. కేసు సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకీ, అక్కడి నుంచి హరిత ట్రైబ్యునల్‌కీ నడిచింది. రోగికి మంచం మార్చినంత తేలిక కాదు కదా మందు మార్చడం.

‘మరి ఇక్కడ మీ కంపెనీ నీళ్లెటు పోతయి బిడ్డా?’

కొడుకు వెంటనే జవాబు చెప్పలేదు. ‘ఇక్కడ మేం గోలీలే చేస్తం నాయినా. గోలీల పడే అసలు మందు అటు నుంచే వస్తది.’

‘అటు అంటే?’

‘చైనా నుంచి. ఇండియా నుంచి... మన దిక్కు నుంచే.’

‘గట్లనా’ అన్నాడు తాత. పడవ లిబర్టీ ద్వీపానికి ఆనుకుంది.

ఇక్కడ ఇంకో పెద్దమనిషిని తలుచుకోకుండా ముందుకెళ్లలేం. ఆ రేవు నుంచి ఉత్తరంగా గంట ప్రయాణం చేస్తే పెర్ల్ రివర్ అనే చిన్న ఊరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ లేబొరేటరీస్‌లో పరిశోధన సాగించింది అక్కడే. 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటి యాంటీబయాటిక్, ఆయన నడిపించిన ప్రయోగశాలలోనే బయటపడింది. ఆ ఏడాదే అక్కడే ఆయన కన్నుమూశారు. ఒక తెలుగువాడి పర్యవేక్షణలో క్రిముల మీద గెలిచిన మందు అది. అరవై ఏళ్లు తిరిగేసరికి కథ తెలుగు నేల మీద ఎదురు తిరిగింది. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటకొస్తున్న నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. మందు నీళ్లలోనే పుట్టి పెరిగిన క్రిములు మందుకి లొంగవు. 2014లో వెలువడిన మరో పరిశోధనలో అయితే ఏకంగా కాజీపల్లి చెరువే ఉంది. మందుల్ని తట్టుకునే జన్యువులు ఆ చెరువులో, పోలిక కోసం తీసుకున్న స్వీడన్ చెరువులో కంటే ఇంచుమించు ఏడువేల రెట్లు ఎక్కువట. ఊరి పేరు దేశదేశాల పుస్తకాల్లోకి ఎక్కడం అంటే ఇలాగా!

బొమ్మ కిరీటం దాకా ఎక్కే టికెట్టు దొరకలేదు. దొరికినా ఆ మెట్లు ఎక్కేదెవరు? పాదాల దగ్గర ఫొటోలు దిగి పడవ ఎక్కారు.

ఎల్లిస్ ఐలాండ్ తాతకి నచ్చింది. 1892 నుంచి 1954 దాకా ఓడల్లో వచ్చిన కోటీ ఇరవై లక్షలమంది అమెరికాలో అడుగుపెట్టింది ఆ దీవి గుండానే. సామాన్లతో మెట్లెక్కుతుంటే పైనుంచి డాక్టర్లు చూసేవారు. ఎవరికి ఆయాసం, ఎవరికి కుంటు. ఒక్క చూపు, కొన్ని క్షణాలు. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో అక్షరం గీసేవారు. గుండె జబ్బుకి ఒకటి, కంటి జబ్బుకి ఒకటి. నూటికి ఇద్దరిని వెనక్కి పంపేవారు. తాత మెట్ల మధ్యలో ఆగి మోకాలు పట్టుకున్నాడు.

‘నన్నయితే వాపస్ తోలుదురు.’

‘మీకు నానక్‌రామ్‌గూడలో రెండు నిమిషాల్లో ఇచ్చేశారుగా మామయ్యా’ అంది కోడలు. నిజమే. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ వచ్చిందే 2008లో. అంతకుముందు వీసా కోసం చెన్నై రైలెక్కి, రాత్రంతా జవాబులు బట్టీపట్టిన తల్లిదండ్రుల్ని అడిగితే సుద్దముక్క కథలు వాళ్లూ చెబుతారు.

తిరిగి బ్యాటరీ పార్కు చేరేసరికి రెండు దాటింది. చెట్టు కింద బెంచీ మీద పొట్లాలు విప్పారు. పులిహోర అయిపోయింది. నీళ్లూ అయిపోయాయి. ఆరు సీసాలూ ఖాళీ. బండివాడి దగ్గర సీసా మూడు డాలర్లు. నానమ్మ మనసులో లెక్కేసింది. రెండొందల యాభై పైనే!

‘వద్దు. ఇంటికి పోయినంక తాగుత.’

‘అదిగో అక్కడ కొళాయి ఉంది అత్తయ్యా, పట్టుకొస్తా.’

‘బజార్ల నల్లా నీళ్లా? కడుపు చెడగొట్టుకోనీకా?’

ఇక కొడుకు వల్ల కాలేదు. చెప్పడం మొదలెట్టాడు. న్యూయార్క్ నగరానికి రోజుకి వంద కోట్ల గ్యాలన్ల దాకా నీళ్లు కావాలి. తొంభై శాతంపైగా వచ్చేది రెండొందల కిలోమీటర్ల అవతలి దాకా ఉన్న క్యాట్‌స్కిల్, డెలావేర్ కొండల నుంచి. చాలామటుకు వాలు మీదే జారి వస్తాయి. ఆ నీళ్లని వడపోయరు! క్లోరిన్, అతినీలలోహిత కిరణాలు... అంతే. 1990ల్లో కేంద్ర ప్రభుత్వం వడపోత కేంద్రం కట్టమంది. కట్టాలంటే అప్పట్లోనే ఆరేడు వందల కోట్ల డాలర్లవుతుంది. నగరం వేరే దారి ఆలోచించింది. నీళ్లు చెడిపోయాక కడిగే బదులు చెడకుండా చూస్తే? 1997లో కొండల్లోని ఊళ్లతో ఒప్పందం రాసుకుంది. జలాశయాల చుట్టూ భూములు, ఇష్టమున్న వాళ్ల దగ్గరే, కొన్నది. పశువుల పేడ వాగులో కలవకుండా రైతులకి కొట్టాలూ కంచెలూ తన డబ్బుతో కట్టించింది.

తాత సకినం విరవడం ఆపాడు.

‘నీళ్లు తాగేటోళ్లు రైతులకు పైసలిచ్చిన్రా?’

‘ఇచ్చిన్రు.’

‘ఇంకోపారి చెప్పు.’

కొడుకు మళ్లీ చెప్పాడు. ఇదంతా ధర్మప్రభువుల కథేం కాదని కూడా చెప్పాడు. ఆ కొండల్లోనే అశోకన్ జలాశయం కోసం వందేళ్ల కిందట ఊళ్లు ఖాళీ చేయించారు. సుమారు రెండువేలమందిని లేపేశారు. సమాధులు తవ్వి శవాల్ని కూడా తరలించారు.

అంతవరకూ కాళ్లు పిసుక్కుంటున్న నానమ్మ తలెత్తింది. ఆమె పుట్టిల్లు సింగూరు ముంపులో పోయింది. హైదరాబాద్ తాగే నీళ్ల కింద ఆమె చిన్ననాటి వీధి ఉంది.

‘ఆ ఊర్ల పేర్లేంది?’

కొడుకు ఫోనులో వెతికి చదివాడు. ‘షోకన్... వెస్ట్ హర్లీ... బ్రౌన్స్ స్టేషన్.’ ఆమె ఒక్కోటీ మెల్లగా తనూ అని చూసింది. ‘షోకన్’ సరిగ్గా పలికింది.

తాత లేచాడు. ఖాళీ సీసా ఒకటి తీసుకుని కొళాయి దగ్గరకి నడిచాడు. మీట నొక్కితే నీటి ధార పైకి లేచింది. సీసా నింపి వెలుతురుకెత్తి చూశాడు. మూత దగ్గర వాసన చూశాడు. దోసిట్లో కొంచెం పోసుకుని నేల మీద జల్లాడు. తర్వాత గడగడా సగం తాగేశాడు. వెనకాలే వచ్చిన కొడుకు చేతికి సీసా ఇచ్చాడు.

కొడుకు తాగలేదు. సీసా పట్టుకునే నిలబడ్డాడు.

‘నాయినా, నేను పని చేసినప్పుడు గుడ... రాత్రిపూట, వాన పడేటప్పుడు వదిలేటోళ్లు. నాకు ఎరుకే.’

‘నాకూ ఎరుకే బిడ్డా. ఇంటికాడికి వాసన రాదా?’

‘మరి నన్నెందుకు అడగలే?’

‘అడిగితే ఏం జేస్తుంటివి? నౌకరి ఇడిసిపెడ్తుంటివా? ఇడిసిపెడ్తె ఆ పెండ్లెట్లయితుండె?’ తాత తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. ‘తాగు. సల్లగున్నయి.’

కొడుకు తాగాడు.

ఆ తర్వాత జాబితా త్వరత్వరగా కుంచించుకుపోయింది. వాల్‌స్ట్రీట్ ఎద్దు నాలుగడుగుల దూరమే కాబట్టి బతికిపోయింది. మూడు టన్నుల పైచిలుకు కంచు ఎద్దు. 1989లో ఓ శిల్పి ఎవరినీ అడక్కుండా రాత్రికి రాత్రి లారీలో తెచ్చి దించిపోయాడు. దాని కొమ్ముల దగ్గర ఫొటోల కోసం కొట్లాటలా ఉంది. నానమ్మ దూరం నుంచే దండం పెట్టింది. తాత మాత్రం చుట్టూ తిరిగి రైతు కంటితో చూశాడు. ‘కోడె మంచిగున్నది గని ముక్కుతాడు లేదు’ అన్నాడు. స్టాక్ మార్కెట్ గురించి ఇంతకంటే పొట్టి వ్యాఖ్య ఆ వీధిలో ఎవరూ చేసి ఉండరు. బ్రూక్లిన్ బ్రిడ్జి దూరం నుంచే చూశారు. సెంట్రల్ పార్కు ఆదివారానికి, ఎంపైర్ స్టేట్ వచ్చేవారానికి వాయిదా. మరుగుదొడ్డి వెతుక్కోవడానికి మధ్యలో నలభై నిమిషాలు పోయాయి. ఇంత పెద్ద నగరంలో అన్నిటికంటే కరువు అదే. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు మిగతావి ఎలా ఉన్నా బ్రయంట్ పార్కులోదొకటి గుర్తుపెట్టుకుంటే చాలు.

టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల మీద కూర్చునేసరికి చీకటి పడింది. అంటే పైన ఆకాశంలో పడింది, కింద పట్టపగలే. నానమ్మ నోరు తెరుచుకుని చూసింది. రోజంతటిలో ఆమె నిజంగా సంబరపడింది అక్కడే. ‘ఈ కరెంటు బిల్లు ఎవలు కడ్తరు?’ అని మాత్రం అడిగింది. మనవడు తాత ఒళ్లో నిద్రపోయాడు. చేతిలో రెండోసారి నింపిన సీసా.

ఇల్లు చేరాక రాత్రి పదింటికి ఊరికి ఫోను కలిపారు. కాజీపల్లిలో ఆదివారం పొద్దున ఏడున్నర. తెర మీద తాత తమ్ముడు, వేపపుల్లతో.

‘ఏం చూసినవే అన్నా?’

‘రాగి బొమ్మ చూసిన. మీ వొదినె తోముతనన్నది.’

‘ఇంకా?’

‘నది కిందికెల్లి పోయినం. కంచు కోడెను చూసినం. నల్లా నీళ్లు తాగిన.’

‘బయట నల్లా నీళ్లా? ఎట్లున్నయి?’

‘సప్పగున్నయి. నీళ్లు ఎట్లుండాలెనో అట్లనే ఉన్నయి.’ తాత ఫోను కొంచెం దగ్గరకి తీసుకున్నాడు. ‘మన దిక్కు వాన పడ్డదా?’

‘రాత్రి మంచిగనే కొట్టింది.’

‘మరి వాసన?’

తమ్ముడు పక్కకి తిరిగి ఉమ్మేసి వచ్చాడు.

‘కిటికీలన్నీ పెట్టుకొని పన్నం’ అన్నాడు.